మాట తల్లికి ఒక దండకం

ఎదుటివాడి తలలోకి దారి లేదు. పైన చర్మం, దాని కింద ఎముక, ఆ లోపల చీకటి. స్కానింగు యంత్రంలో పడుకోబెడితే ఎక్కడ రక్తం ఎక్కువ పారుతోందో తెలుస్తుంది గానీ, ఆ మనిషి తన వియ్యంకుడి గురించి ఏమనుకుంటున్నాడో ఏ ఫిల్ము మీదా పడదు. అయినా నాలుగున్నరేళ్ల పిల్ల రోజూ ఆ చీకట్లోకి వెళ్లి వస్తూనే ఉంది. "అమ్మకి ఇంకా తెలీదు, చెప్పకు" అని తమ్ముడి నోరు మూస్తుంది. "తాతయ్య నేను నిద్రపోయాననుకుంటున్నాడు" అని దుప్పటి కింద కిసుక్కున నవ్వుతుంది. ఆ పిల్లకు ఈ దారి చూపించింది ఎవరు?

నువ్వే, మాట తల్లీ. నీకు దండం. గణాలు కుదరని ఈ వచన దండకం నీకే.

నిన్ను పొగిడినవాళ్లు తక్కువేమీ కాదు. వాక్కన్నారు, వాగ్దేవి అన్నారు, చేతికి వీణ ఇచ్చారు. కవులు నీతో ఏం కట్టారో, పండితులు నీతో ఎవర్ని ఓడించారో చెప్పడానికి గ్రంథాలు ఉన్నాయి. నేను పొగడబోయేది అన్నం తినిపించే అరుగు మీద, అంట్లు తోమే పంపు దగ్గర, విరిగిన బొమ్మ కోసం ఇద్దరు పిల్లలు జుట్టూ జుట్టూ పట్టుకునే వసారాలో నువ్వు చేసే పనిని. రాజసభల్లో నీ ప్రతాపం కంటే అదే పెద్దదని నా లెక్క.

నువ్వు రాకముందు బిడ్డ దగ్గర ఏమీ లేదని అనను. అంటే అబద్ధమవుతుంది. ఒళ్లో ఉన్న పసిగుడ్డు ముఖం కనబడితే చాలు, చూపు నిలుపుతుంది. ఏడాది నిండే వేళకు చూపుడువేలు లేస్తుంది. గోడ మీద కాకిని చూపిస్తుంది. కాకి కావాలని కాదు ఆ వేలు, నువ్వూ చూడమని. చూపించాక కాకిని వదిలేసి మన ముఖంలోకి చూస్తుంది, చూశామా లేదా అని. ఇద్దరూ ఒకేదాన్ని చూస్తున్నామన్న ఆ ఎరుక ఎంత గొప్పదో, దాన్ని ఒక్కసారి గమనించినవాళ్లకు చెప్పనక్కర్లేదు. నీకోసం వేసిన పీట అది.

2005లో క్రిస్టీన్ ఒనిషి, రెనే బయార్జాన్ అనే ఇద్దరు పరిశోధకులు పదిహేను నెలల పిల్లల ముందు ఒక చిన్న నాటకం ఆడించారు. ఒకామె పుచ్చకాయ ముక్క లాంటి బొమ్మను ఒక పెట్టెలో దాస్తుంది. ఆమె చూడనప్పుడు అది రెండో పెట్టెలోకి మారుతుంది. తర్వాత ఆమె, తనకు తెలిసే వీలే లేని ఆ రెండో పెట్టెలోకి నేరుగా చెయ్యి పెడితే పిల్లలు ఎక్కువసేపు అలా చూస్తుండిపోయారు, ఇదేమిటి అన్నట్టు. అంటే మాటలు రాకముందే వాళ్లకు ఇదంతా తెలుసా? తర్వాత ఇలాంటి పరీక్షలు పెట్టినవాళ్లలో కొందరికి అదే ఫలితం వచ్చింది, కొందరికి రాలేదు. తగువు ఇంకా తెగలేదు. తెగేదాకా నా మొగ్గు ఎటో చెప్పేస్తాను: కళ్లు ఆశ్చర్యపడటం ఒకటి, "ఆమెకు తెలీదు కదా" అని అనగలగడం వేరొకటి. మొదటిది చూపు. రెండోది తెలివి. ఈ రెంటి మధ్య మూడేళ్ల ప్రయాణం ఉంది, ఆ ప్రయాణమంతా నీ వెంటే.

ఆ ప్రయాణంలో నువ్వు ముందు ఇచ్చే మాట "కావాలి". పాలు కావాలి, బంతి కావాలి, అమ్మ కావాలి. రెండేళ్లు నిండకముందే పిల్లలు కోరికల గురించి మాట్లాడతారనీ, తలపుల గురించి, అంటే తెలుసు, తెలీదు, అనుకున్నాను లాంటి వాటి గురించి, మూడో ఏడు దగ్గరకొచ్చాక గానీ మాట్లాడరనీ కరెన్ బార్ష్, హెన్రీ వెల్‌మన్ 1995లో ఒక పుస్తకమే రాశారు, ఇంగ్లీషు మాట్లాడే పిల్లల మాటలు ఏళ్ల తరబడి రాసిపెట్టిన పత్రాలు చదివి. మన ఇళ్లలోనూ ఇది వింటాం. "నాన్నకి కాఫీ కావాలి" అనడం రెండేళ్లవాడికి వచ్చు. "డబ్బాలో పొడి ఉందని నాన్న అనుకున్నాడు" అనడం రాదు. నాన్నకు తన కోరిక కాని కోరిక ఉండవచ్చని వాడికి అర్థమైంది. నాన్న తలలో, వంటింట్లో నిజంగా ఉన్న డబ్బా కాకుండా ఇంకో డబ్బా ఉండవచ్చని ఇంకా అర్థం కాలేదు.

ఆ రెండో డబ్బా సంగతి పెద్దవాళ్లకు పట్టింది ఒక చింపాంజీ వల్ల. 1978లో డేవిడ్ ప్రీమాక్, గై వుడ్రఫ్ సారా అనే చింపాంజీని ముందు పెట్టుకుని, ఈ జంతువుకు ఎదుటివారికి మనసుందని తెలుసా అని అడిగారు. చింపాంజీ విషయంలో వాదాలు పెరిగాయి. ఆ వాదాల్లోంచే తెలివైన పరీక్ష ఒకటి పుట్టి పిల్లల గదిలోకి వచ్చింది. 1983లో ఆస్ట్రియా దేశపు హైంజ్ విమ్మర్, యోసెఫ్ పెర్నర్ పిల్లలకు ఒక కథ చెప్పారు. మాక్సీ అనే అబ్బాయి చాక్లెట్‌ను నీలం అలమరలో పెట్టి ఆడుకోవడానికి పోతాడు. వాళ్లమ్మ కేకులో కొంచెం వేసి, మిగిలింది ఆకుపచ్చ అలమరలో పెడుతుంది. మాక్సీ తిరిగొస్తాడు. చాక్లెట్ కోసం ఎక్కడ వెతుకుతాడు?

మూడేళ్లు దాటిన పిల్లల వేలు తడుముకోకుండా ఆకుపచ్చ అలమర మీదికి పోయింది. చాక్లెట్ అక్కడే ఉంది కదా మరి! వాళ్లు చెప్పింది లోకం గురించి, మాక్సీ గురించి కాదు. ఇంకొంచెం పెద్ద పిల్లల్లో చాలామంది ఒక్క క్షణం ఆగారు. ఆగి, నీలం అన్నారు. ఆ ఒక్క క్షణమే నేను మొక్కేది. ఆ క్షణంలో పిల్ల తనకు తెలిసిన నిజాన్ని పక్కన పెట్టింది. తెలిసిందాన్ని తెలియనట్టు చూసింది. ఇంకొకడి అజ్ఞానంలో కాసేపు కాపురముంది. తపస్సులు చేసినవాళ్లకు కూడా అరుదుగా అబ్బే ఈ విద్య, గౌను బొత్తాలు తనంతట తాను పెట్టుకోలేని పిల్లకు అబ్బింది.

తర్వాత కెనడాలో, భారతదేశంలో, పెరూలో, సమోవాలో, థాయిలాండ్‌లో ఇలాంటి ఆటే ఆడించి చూశారు. 2005లో వచ్చిన ఆ ఫలితాలు చెప్పిన మాట ఒకటే: మూడుకీ అయిదుకీ నడుమే ఈ తలుపు తెరుచుకుంటోంది. అన్నం తినేవాళ్లకూ అదే వయసు, రొట్టె తినేవాళ్లకూ అదే వయసు.

దీనికంటే విచిత్రం ఇంకోటుంది. బయట చాక్లెట్ బిళ్లల బొమ్మ ఉన్న డబ్బా చూపించి లోపల ఏముందంటే పిల్లవాడు చాక్లెట్లంటాడు. మూత తీస్తే పెన్సిళ్లు. మూత పెట్టేసి, "ఇందాక మూత తీయకముందు నువ్వేమనుకున్నావు?" అంటే, మూడేళ్లవాడు నిబ్బరంగా "పెన్సిళ్లనుకున్నా" అంటాడు. అబద్ధమాడటం లేదు పాపం. ఆలిసన్ గాప్నిక్, జానెట్ ఆస్టింగ్టన్ 1988లో ఇది చూపించారు. పరాయివాడి మనసే కాదు, నిమిషం కిందటి తన మనసు కూడా వాడికి పరాయిదే. అంటే తల్లీ, నువ్వు బిడ్డకు ఇతరుల్ని ఇచ్చేటప్పుడు ఆ చేత్తోనే నిన్నటి తనను కూడా ఇస్తున్నావు. "నేను అలా అనుకున్నాను, తప్పు" అనగలిగినవాడికే గతం ఉంటుంది.

ఎలా ఇస్తావు? ఏ ఉపకరణంతో? ఇక్కడే నీ పనితనానికి చేతులెత్తి మొక్కాలి.

"చాక్లెట్ నీలం అలమరలో ఉంది." ఈ వాక్యం అబద్ధం. "చాక్లెట్ నీలం అలమరలో ఉందని మాక్సీ అనుకుంటున్నాడు." ఈ వాక్యం నిజం. అబద్ధాన్ని కడుపులో మోస్తూ తాను నిజమై నిలబడగలిగే వాక్యం ఇది. లోకంలో ఇంకెక్కడా ఇలాంటి వస్తువు దొరకదు. చేతికందే వస్తువుల్లో, కంటికి కనబడే బొమ్మల్లో అబద్ధాన్ని అబద్ధంగానే దాచి ఉంచే చోటు లేదు. వాక్యంలో ఉంది. భాషాశాస్త్రవేత్త జిల్ డి విలియర్స్ వాదన అదే: వాక్యంలో వాక్యాన్ని ఇమడ్చడం వచ్చాకే పిల్లలకు ఒక తలలో ఇంకో లోకం ఇముడుతుంది. ఆమె మాటను పూర్తిగా ఒప్పుకోనివాళ్లు ఉన్నారు. వాక్య నిర్మాణం కంటే మొత్తం సంభాషణే ముఖ్యమని వాళ్లంటారు. నాకు రెండు వాదాలూ నీ పొగడ్తల్లాగే వినిపిస్తాయి.

తెలుగులో ఈ పని చేసే తీరు చూడండి. ఇంగ్లీషులో ముందు మనిషిని చెప్పి, వాడు అనుకున్నాడని చెప్పి, ఆ తర్వాత ఏమనుకున్నాడో విప్పుతారు. మనం ముందే ఆ లోకంలోకి దిగిపోతాం. "బొమ్మ మంచం కింద ఉంద..." దాకా వింటున్న పిల్లకు అది లోకం గురించిన కబురే. చివర ఒక్క "ని" తగలగానే ఆ కబురు మొత్తం లోకం చేతిలోంచి జారి అన్నయ్య సొత్తు అయిపోతుంది. "...ఉందని అన్నయ్య అనుకుంటున్నాడు." నిజమనుకుని విన్నదాన్ని అంతలోనే ఒకరి ఊహగా మార్చుకోవడం, మన పిల్లలు రోజుకు ఎన్నిసార్లు చేస్తారో! మన చిన్న "ట" ఉంది చూశారా, దానిదీ అలాంటి మహిమే. "రేపు బడి లేదట." ఈ కబురు నా కళ్లతో చూసింది కాదు, నాకెవరో చెప్పారు, వాళ్లకు తెలిసుంటుంది అని ఒక్క అక్షరంలో ఒప్పజెప్పేస్తాం. ఎవరికి తెలుసు, ఎలా తెలుసు, ఎవరి నోటి నుంచి ఎవరి చెవికి అన్న లెక్క, ఎక్కాలు రాని పిల్ల కూడా తప్పకుండా అప్పజెబుతుంది.

2003లో హైడెమారీ లోమన్, మైకేల్ టొమసెల్లో జర్మనీలో మూడేళ్ల పిల్లలతో చేసిన పని ఇక్కడ చెప్పకపోతే నా దండకం ఒట్టి భజన అవుతుంది. వాళ్లు పిల్లలకు మోసం చేసే వస్తువులు చూపించారు. చూడ్డానికి పువ్వు, తీరా పట్టుకుంటే పెన్ను. కొందరు పిల్లలకు ఆ వస్తువును తిప్పి చూపించారే గానీ, "చూడు, ఇప్పుడు చూడు" అనడం తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. ఇంకొందరితో దాని గురించి మాట్లాడారు: ముందు ఏమనుకున్నావు, ఇప్పుడు ఏమని తెలిసింది, దీన్ని చూసి ఇంకొకరు ఏమనుకుంటారు అని. మాటల్లేకుండా మోసాన్ని చూసిన పిల్లలు ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోయారు. మాటలతో చూసినవాళ్లు అందరికంటే ముందుకు పోయారు. వస్తువు ఒకటే, ఆశ్చర్యం ఒకటే. నువ్వున్న చోట ఎదిగారు, నువ్వు లేని చోట లేదు.

అయినా ఒప్పుకోనివాడు ఒకడు ఉంటాడు. "మాట వల్ల కాదు, వయసు వల్ల వస్తుంది. నలుగురితో మెలిగితే ఎప్పటికో ఒకప్పటికి దానంతటదే వస్తుంది" అంటాడు. ఆయన్ని నేను మనాగ్వా తీసుకుపోతాను.

మధ్య అమెరికాలోని నికరాగ్వా రాజధాని అది. 1970ల దాకా ఆ దేశంలో వినపడని పిల్లలు ఎవరింట్లో వాళ్లు ఒంటరిగా పెరిగారు. ఇంట్లోవాళ్లతో ఆకలికి ఒక సైగ, నిద్రకు ఒక సైగ. అంతకు మించి ఊరందరికీ పనికొచ్చే భాష లేదు. 1977లో మనాగ్వాలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఒక బడి పెట్టారు. 1979లో విప్లవం వచ్చింది. 1980లో పెద్ద పిల్లలకు చేతిపనులు నేర్పే బడి తెరిచారు. కొద్ది ఏళ్లలోనే ఆ రెండు చోట్లా కలిపి వందలమంది పోగయ్యారు. పంతుళ్లు వాళ్లకు స్పానిష్ నేర్పబోయారు, పెదవుల కదలిక చూసి గ్రహించమన్నారు. అది పెద్దగా సాగలేదు. సాగింది ఇంకోటి. ఆటస్థలంలో, బడి బస్సులో, పంతుళ్ల చూపు పడని చోట, ఆ పిల్లలు తమ ఇంటి సైగలు ఒకరి ముందు ఒకరు పరిచారు. ఎవరూ నేర్పలేదు. ఏ పుస్తకంలోనూ లేదు. చేతులు చేతుల్ని చూసి మారాయి. 1986లో అమెరికా నుంచి జూడీ కెగ్ల్ అనే భాషాశాస్త్రవేత్త వచ్చి చూసేసరికి, కళ్ల ముందు ఒక భాష పుడుతూ ఉంది.

తల్లీ, నీ పురుడు చూసిన అదృష్టం మనుషులకు అక్కడ దక్కింది. ఒక భాష పుట్టిన రోజులు ఇంత దగ్గరగా కనబడటం బహు అరుదు. నీకు నోరు అక్కర్లేదనీ, చెవి అక్కర్లేదనీ, రెండు చేతులూ, ఎదుట ఇంకో రెండు కళ్లూ ఉంటే చాలనీ అక్కడే మళ్లీ రుజువైంది.

మొదట చేరిన పిల్లల చేతుల్లో ఆ భాష ఇంకా బీజదశలో ఉంది. వాళ్ల తర్వాత వచ్చిన చిన్నపిల్లలు దాన్ని అందుకున్నారు. పసితనపు నాలుకలు చేసినట్టే పసితనపు చేతులు చేశాయి: వంచాయి, అతికాయి, కొత్త మెలికలు తిప్పాయి. దాంతో ఒకే ఊళ్లో, ఒకే భాషలో రెండు తరాలు ఏర్పడ్డాయి. పెద్దవాళ్లది పలచని భాష, చిన్నవాళ్లది చిక్కని భాష. పరిశోధకులు ఎంత పాపిష్టివాళ్లైనా కావాలని ఇలాంటి పరీక్ష పెట్టలేరు. చరిత్ర పెట్టింది.

జెన్నీ పైయర్స్, ఆన్ సెంగాస్ ఆ రెండు తరాల దగ్గరికీ వెళ్లారు. మాటలు పెద్దగా అక్కర్లేని బొమ్మల కథ ఒకటి చూపించారు. అన్న తన బొమ్మ రైలు మంచం కింద దాచి బయటికి పోతాడు. తమ్ముడు దాన్ని తీసి ఇంకోచోట పెడతాడు. అన్న తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతాడో, ఆ చివరి బొమ్మ ఏదో ఎంచాలి. సుమారు పదిహేడేళ్ల రెండో తరం పిల్లలు మంచం కింద అన్నారు. ఇరవైలు దాటిన మొదటి తరం వాళ్లలో చాలామంది, రైలు నిజంగా ఎక్కడుందో అక్కడ వెతుకుతాడన్నారు. ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు, స్నేహాలున్నవాళ్లు, బజారులో బేరమాడి నెగ్గుకొస్తున్నవాళ్లు. వీళ్లకు లోకానుభవం తక్కువని ఎవరనగలరు? పాతికేళ్ల పాటు మనుషుల మధ్యే మెలిగారు. వాళ్లకు తక్కువైంది అనుభవం కాదు. ఏం జరిగిందో చెప్పమంటే ఎవరు ఏం చేశారో చక్కగా చెప్పేవారు; ఎవరికి ఏం తెలుసు, ఎవరు ఏమనుకున్నారు అన్న సైగలు వాళ్ల చేతుల్లో బహు తక్కువ.

కథ అక్కడితో ఆగితే విషాదమయ్యేది. రెండేళ్ల తర్వాత ఆ ఇద్దరు పరిశోధకులూ మళ్లీ వెళ్లారు. ఈలోగా మొదటి తరం వాళ్లు కొందరు చిన్నవాళ్లతో ఎక్కువగా కలిశారు, వాళ్ల సైగలు అందుకున్నారు. తెలియడం, అనుకోవడం, మర్చిపోవడం వాళ్ల చేతులకూ వచ్చాయి. ఎవరి భాష పెరిగిందో, వాళ్లు ఆ పరీక్షలో కూడా అంతకంతా పెరిగారు. 2009లో ఈ సంగతులు అచ్చయ్యాయి. ఇరవై అయిదేళ్లు దాటాక, తమ్ముళ్ల వయసువాళ్ల చేతుల్లోంచి, ఎదుటివాడి మనసులోకి తలుపు తీసుకున్నారు వాళ్లు. ఆలస్యంగా వచ్చినా నువ్వు ఒట్టి చేతులతో రావని, తల్లీ, మనాగ్వా మనుషులు సాక్ష్యం.

మళ్లీ మన అరుగు మీదికి వద్దాం.

కోతీ మొసలీ కథ వినని తెలుగు పిల్లలు ఉంటారా? గుండెకాయ కోసం నడి నీట్లో అడిగిన మొసలితో, అయ్యో, దాన్ని చెట్టు మీదే వదిలేసి వచ్చానే అంటుంది కోతి. మొసలి వెనక్కి తిరుగుతుంది. రెండున్నరేళ్లవాడికి ఈ కథ చెప్పి చూడండి. కోతి చెట్టెక్కినందుకు చప్పట్లు కొడతాడు, అంతే. అయిదేళ్లది చెట్టెక్కకముందే, మొసలి తోక తిప్పినప్పుడే నవ్వుతుంది. గుండె ఎక్కడుందో ఆ పిల్లకు తెలుసు, కోతికి తెలుసు, మొసలికి తెలీదు. ముగ్గురి తలల్లో మూడు లెక్కలు ఒకేసారి పట్టుకుని నవ్వుతోంది. పంచతంత్రం రాజకుమారులకు నీతి చెప్పడానికి పుట్టిందంటారు. ఆ నీతి సంగతి నాకు తెలియదు గానీ, మొసలి మూర్ఖత్వం అర్థమై నవ్విన పిల్ల ఆ రోజుకు ఒక మెట్టు ఎక్కినట్టే.

ఏడు చేపల కథ ఇంకా గొప్పది. ఎండని చేప మీద కోపం వచ్చిన రాజకొడుకు అడుగుతూ పోతాడు. గడ్డిమోపును, ఆవును, కాపరిని, అవ్వను, ఏడ్చిన పిల్లవాణ్ని. ఎవరిని అడిగినా వాళ్ల వైపు నుంచి ఒక కారణం ఉంటుంది. చివరికి చీమ దగ్గరికి వస్తే దానికీ ఒక ఇల్లుంది, ఆ ఇంటికి మర్యాద ఉంది, దాంట్లో వేలు పెడితే ఊరుకోదు. తెలుగు పిల్ల చెవిన పడే మొదటి కథల్లోనే చీమకు కూడా తన మాట చెప్పుకునే వంతు వచ్చింది. ఈ కథను కట్టిన ఆ పేరు తెలియని అవ్వకు మనస్తత్వశాస్త్రంలో ఏ పట్టా అక్కర్లేదు.

ఇంక అబద్ధం. చిన్నపిల్లల మొదటి అబద్ధానికి ఇంట్లో దెబ్బలు పడతాయి. నన్నడిగితే పాయసం చెయ్యాలి. అమ్మ తలలో తాను రాయగల పలక ఒకటుందని, దాని మీద లేనిది కూడా రాయవచ్చని తెలిసిన నాడే పిల్ల అబద్ధమాడుతుంది. చార్లెస్ డార్విన్ తన కొడుకు పసితనం గురించి 1877లో "మైండ్" పత్రికలో రాశాడు. రెండేళ్ల ఏడున్నర నెలల వయసులో ఆ పిల్లవాడు భోజనాల గదిలోంచి వింతగా మెరిసే కళ్లతో, ఏదో తెచ్చిపెట్టుకున్న తీరుతో బయటికొచ్చాడట. చూస్తే, తినొద్దన్న పంచదార తినొచ్చాడు. ఇంకో రెండు వారాలకు, ఊరగాయ రసం మరక పడిన పై గుడ్డను జాగ్రత్తగా చుట్టి మరీ తండ్రికి ఎదురయ్యాడు. జీవజాతుల పుట్టుక గురించి అంత పెద్ద పుస్తకం రాసినాయన, కొడుకు గుడ్డ చుట్టుకున్న తీరును కూడా అంతే శ్రద్ధగా రాసుకున్నాడు. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

అయితే నువ్వు అన్ని ఇళ్లలో ఒక్కలా పలకవు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్న పిల్లలకు ఈ తలుపు కాస్త ముందు తెరుచుకుంటుందని 1994లో పెర్నర్, టెడ్ రఫ్‌మన్, సూసన్ లీకం చూపించారు. కొట్లాటకు కూడా ప్రయోజనం ఉందన్నమాట. జూడీ డన్, ఆమె తోటివాళ్లు 1991లో గమనించింది ఇంకా మనసుకు పట్టేది: మూడేళ్లు నిండకముందు ఇంట్లో ఎవరికి ఎందుకు బాధ కలిగింది, ఎవరు ఎందుకలా చేశారు అన్న మాటల్లో పాలుపంచుకున్న పిల్లలు, ఏడు నెలల తర్వాత ఎదుటివారి తలపు పట్టుకోవడంలో ముందున్నారు. తిను, రా, పడుకో, ముట్టుకోకు అనే ఆజ్ఞలతో నడిచే ఇల్లు కూడా మాట్లాడే ఇల్లే. కానీ ఆ మాటల్లో ఎవరి మనసూ ఉండదు.

మనకు ఇంకో రోగం ఉంది. "ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" "నలుగురూ నవ్వుతారు!" తెలుగిళ్లలో ఆడపిల్ల వినే మనసు పాఠంలో సగం ఇదే. నలుగురూ అనే ఆ నలుగురు ఎవరో, వాళ్లకు పనేమీ లేదో, ఎప్పుడూ మన పిల్లల గురించే అనుకుంటూ ఉంటారు. ఎదుటివాడి తలలోకి దారి ఇదీ చూపిస్తుంది, కాదనను. కానీ ఆ దారిలో భయం ఒకటే కాపలా. అదే నోటితో, "నువ్వు బంతి లాక్కుంటే చెల్లి ఏమనుకుంది?" అని అడిగితే పోయేదేముంది? నిన్ను కొరడాగా వాడినవాళ్లను కూడా క్షమించు తల్లీ, వాళ్లకూ అలాగే నేర్పారు.

చివరికి నేను దాచిపెట్టుకున్న ఫిర్యాదు ఒకటి. నీ మీద కాదు, మా మీద.

వినపడని బిడ్డలు పుట్టేది చాలా వరకు వినపడే తల్లిదండ్రులకే. అమెరికాలో లెక్క తీస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా అంతే. ఆ ఇంట్లో అందరికీ మాటలున్నాయి, ఆ బిడ్డకు అందేవి లేవు. 1995లో కాండిడా పీటర్సన్, మైకేల్ సీగల్ ఆస్ట్రేలియాలో ఎనిమిది నుంచి పదమూడేళ్ల మధ్య ఉన్న బధిర పిల్లలకు ఇలాంటి పరీక్ష పెడితే, తెలివితేటల్లో ఏ లోటూ లేకపోయినా సగానికి పైగా తప్పారు. అంటే చెవి లేకపోతే మనసు తెలియదా? తొందరపడకండి. బ్రెండా షిక్, పీటర్ డి విలియర్స్, జిల్ డి విలియర్స్, రాబర్ట్ హాఫ్‌మైస్టర్ 2007లో అమెరికాలో చూశారు: తల్లిదండ్రులు కూడా బధిరులై, ఒళ్లో ఉన్నప్పటి నుంచీ సైగల భాషలో మాటలు విన్న పిల్లలు, కాదు, చూసిన పిల్లలు, వినపడే పిల్లలతో సమానంగా, అదే వయసుకు ఆ మెట్టెక్కారు. ఏ లోటూ లేదు. లోటు వినికిడిలో లేదని, మాటల్లోంచి వెలివేయడంలో ఉందని ఇంతకంటే తేటగా ఎవరు చెప్పాలి?

ఆ వెలి ఎలా ఉంటుందో బధిరులే చెబుతారు. పండగ పూట అందరూ విస్తళ్ల ముందు కూర్చుంటారు. మామయ్య ఏదో అంటాడు, అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. వినపడని పిల్ల పక్కవాళ్ల మోచెయ్యి పట్టుకుని "ఏంటి, ఏంటి?" అని అడుగుతుంది. "ఏం లేదులే, తర్వాత చెప్తా." ఆ తర్వాత అనేది రాదు. మామయ్య ఏమనుకుని అన్నాడు, అత్తయ్య ఎందుకు అలిగింది, తాతయ్య తెలిసీ తెలియనట్టు ఎందుకు ఊరుకున్నాడు: నాలుగేళ్ల పిల్ల మనసు అనే విద్యను నేర్చుకునే బడి ఆ పంక్తిలోనే ఉంది. ఆ బడిలో కూర్చోబెట్టి కూడా ఆ పిల్లకు మనం పాఠం చెప్పలేదు. కడుపు నిండా అన్నం పెట్టామని తృప్తి పడ్డాం. సైగలు నేర్పితే నోటిమాట రాదేమోనని, చూసినవాళ్లు ఏమనుకుంటారోనని (మళ్లీ ఆ నలుగురే!) చేతులు కట్టేసిన ఇళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. వినికిడి యంత్రమో, కాక్లియర్ ఇంప్లాంటో పెట్టించేవాళ్లు పెట్టించనీ, మంచిదే. అవి పనిచేసి మాటలు వచ్చేలోగా గడిచే ఏళ్లు ఉన్నాయి చూశారా, అవే ఈ తలుపు తెరుచుకునే ఏళ్లు. వాటిని ఖాళీగా పోనివ్వడం ఏ వైద్యమూ కాదు.

2015లో ఢిల్లీలో భారతీయ సైగల భాషకు పరిశోధన, శిక్షణ కేంద్రం వచ్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో సైగల భాషకు చోటు దొరికింది. 2018లో మూడు వేల మాటలతో మొదలైన సైగల నిఘంటువు 2021 నాటికి పది వేల మాటలకు పెరిగింది. వీడియోల్లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో వినపడని బిడ్డ ఉంటే ఈ వారమే అది తెరవండి. అన్నం, నీళ్లు, నిద్ర అనే సైగలు ఎలాగూ నేర్చుకుంటారు. వాటితో పాటే తెలుసు, తెలీదు, అనుకున్నాను, మర్చిపోయాను అనేవి కూడా నేర్చుకుని, ఆ బిడ్డ ఎదుట కూర్చుని, మామయ్య ఎందుకు నవ్వించాడో చెప్పండి.